మురుగు ఏ రేవున దిగుతుంది?

వేసవిలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలు కట్టేశాక విజయవాడలో ఏ కాలువ వంతెన మీదైనా కాసేపు నిలబడి కిందికి చూడాలి. పైనుంచి కృష్ణ నీళ్లు రావడం లేదు, లాకులు మూసే ఉన్నాయి. అయినా కాలువ అడుగున నల్లటి పాయ ఒకటి పారుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లు, ఖాళీ కొబ్బరి బొండాలు, దేవుడి దండలు అడ్డం పడిన చోట కాస్త ఆగుతుంది, పక్కకు తిరుగుతుంది, మళ్లీ కిందికే పోతుంది. ఆ నీళ్లు ఎక్కడివని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు కాబట్టి. ఖరీఫ్‌కు కాలువలు వదలగానే ఎర్రనీరు వచ్చి ఆ పాయను కప్పేస్తుంది. కప్పేయడమే తప్ప ఆపడం ఉండదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది, బందరు తీరం కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. గుంటూరు జిల్లా నుంచి బాపట్ల విడిపోయింది, సూర్యలంక, నిజాంపట్నం దాంతోపాటే వెళ్లాయి. అంటే ఒక్క రోజులో విజయవాడ, గుంటూరు నగరాలున్న రెండు జిల్లాలకూ సముద్రం లేకుండా పోయింది. ఆ జీవో సంగతి మురుగుకు మాత్రం తెలియదు. విజయవాడ మురుగులో కొంత బుడమేరును పట్టుకుని కొల్లేరు చేరుతుంది, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. కొంత సాగునీటి కాలువల్లోనే పడి డెల్టా శివారు దాకా ప్రయాణిస్తుంది. గుంటూరు వైపు పల్లం కూడా సముద్రం వైపే, పశ్చిమ డెల్టా డ్రెయిన్లు దిగేది బాపట్ల తీరానికే. మురుగు పుట్టే చోట ఒక కార్పొరేషన్, ఒక కలెక్టరు. అది చేరే చోట మరో కలెక్టరు, కొన్ని పంచాయతీలు. సముద్రతీరంలోనో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరో మురుగు శుద్ధి ప్లాంటు పెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా లేచే వివాదం సగం ఇక్కడి నుంచే పుడుతుంది.

నగరంలో కూర్చుని చూసేవాళ్లకు ఆ వివాదం వింతగానే ఉంటుంది. పెడుతున్నది మురుగును బాగుచేసే ప్లాంటే కదా, దానికి అడ్డం పడటమేమిటి అనిపిస్తుంది. ఊరివాళ్లు కూడా మైకు పెట్టగానే ముందు వాసన గురించే మాట్లాడతారు. వాసన అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది. ఆ ఊళ్లలో మరికాసేపు కూర్చుంటే అసలు సంగతి బయటికొస్తుంది. ప్లాంటు ఎక్కడ కడతారన్నది వాళ్లకు అంత పెద్ద ప్రశ్న కాదు. అందులోంచి వచ్చే గొట్టం ఎక్కడ తెరుచుకుంటుంది, ఏ వేళ తెరుచుకుంటుంది, రాత్రిపూట దాన్ని ఎవరు చూస్తారు అన్నవే అసలు ప్రశ్నలు. ప్లాంటుకు రెండు చిరునామాలుంటాయి, గేటు ఉన్న చోటు ఒకటి, నీళ్లు దిగే చోటు రెండోది. శంకుస్థాపన జరిగేది మొదటి చోట. వలలు వేసేది, చెరువులకు నీళ్లు తోడుకునేది రెండో చోట. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టి చర్చించిన సందర్భాలు అరుదు.

ముందు పరిమాణం సంగతి. కేంద్ర ప్రభుత్వ డ్రైనేజీ మాన్యువల్ లెక్క ప్రకారం భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలి. అందులో సుమారు 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా తిరిగొస్తుంది. పది లక్షల జనాభాకు ఇది రోజుకు 10 కోట్ల 80 లక్షల లీటర్లు. ఇంజనీర్లు దీన్ని 108 ఎంఎల్‌డీ అంటారు, రోజుకు పది లక్షల లీటర్లయితే ఒక ఎంఎల్‌డీ. పదివేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే 10,800 ట్యాంకర్లవుతాయి, రోజూ, పండగలతో పని లేకుండా. విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, ఆటోనగర్, రామలింగేశ్వరనగర్, జక్కంపూడి దగ్గర శుద్ధి ప్లాంట్లు ఉన్నాయి. ప్లాంట్లున్నా వంతెన కింద ఆ పాయ ఎందుకుందంటే, ప్లాంటు కట్టడం ఒక పని, ప్రతి ఇంటి మురుగునూ అక్కడికి చేర్చడం ఇంకో పని, చేరినదాన్ని నిజంగా శుద్ధి చేయడం మూడో పని. దేశం మొత్తం మీదా ఇదే కథ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్కలో పట్టణాల మురుగు రోజుకు 72,368 ఎంఎల్‌డీ. కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. వాటిలో నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 మాత్రమే. తీరంలో జనం భయపడేది ఇందులో రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య ఉన్న తేడాకే. కట్టకపోవడం వల్ల వచ్చే నష్టం వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కట్టి నడపకపోవడం వల్ల వచ్చే నష్టం వాళ్ల ఊరికే వచ్చి పడుతుందేమోనన్నది కొత్త బెంగ.

ప్లాంటును పల్లానికి తోయడంలో ఇంజనీర్ల తర్కం తప్పుపట్టేది కాదు. నీరు పల్లమెరుగు. మురుగు పైపులు వాలును నమ్ముకుని నడుస్తాయి. నీటిని ఎత్తాల్సిన ప్రతి చోటా ఒక పంపుహౌస్, ఒక కరెంటు బిల్లు, ఒక కాపలా మనిషి కావాలి. అందుకే ఎక్కడైనా ప్లాంటు ఊరికి చివర, పల్లంలో వస్తుంది. డెల్టాలో పల్లమంటే ఏటి ఒడ్డు, డ్రెయిన్ చివర, సముద్రపు అంచు. దానికి తోడు భూమి. ఊళ్లో ఎకరం కొనాలంటే కోట్లు, పర్ర భూమి, అంటే తీరపు చవిటి నేల అయితే ప్రభుత్వానిదే, రికార్డులో పోరంబోకు. ఆ రికార్డులో కనిపించనివి చాలా ఉంటాయి. చేపలు ఎండబెట్టేది ఆ పర్ర మీదే. వలలు ఆరేసి బాగుచేసుకునేదీ, పడవ బోర్లించి తారు పూసుకునేదీ, గేదెలు మేసేదీ అక్కడే. ఎవరి పేరా లేదు కాబట్టి ఎవరూ వాడటం లేదనుకునే అలవాటు రెవెన్యూ శాఖది. కంచె పడిన రోజు దాకా ఊరికి కబురే ఉండదు.

కబురు ముందుగా చెప్పాలన్న నియమం కూడా చట్టంలో పెద్దగా లేదు. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల ప్లాంటు ఉంది, ఊరి మురుగు శుద్ధి చేసే ప్లాంటు విడిగా లేదు. జాబితాలో లేదు కాబట్టి పర్యావరణ అనుమతి అక్కర్లేదు, అది అక్కర్లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ సభ తప్పనిసరి కాదు. మంచి పని చేసే ప్లాంటు కదా, త్వరగా కట్టనివ్వాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఫలితం మాత్రం ఇంకోలా ఉంటుంది. టెంటు వేసి, కలెక్టరు ముందు మైకులో అడగాల్సిన ప్రశ్నలు జేసీబీ ముందు అడ్డంగా కూర్చుని అడగాల్సి వస్తుంది.

తీరప్రాంత నియంత్రణ మండలం నిబంధనలు, అందరూ సీఆర్‌జెడ్ అనేవి, కొంత పట్టు ఇస్తాయి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఈ పరిధి. ఏటిలోపలికి ఎంత దూరం వర్తిస్తుందో తేల్చడానికి ఉప్పు పరీక్ష ఉంది. ఏడాదిలో బాగా ఎండిన కాలంలో వెయ్యి భాగాల నీటిలో ఐదు భాగాల ఉప్పు ఎంత ఎగువ దాకా కనిపిస్తే అంతదాకా ఆ ఏరు సముద్రం కిందే లెక్క. 2011 నోటిఫికేషన్ అలాంటి ఏటిగట్టున 100 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది అంది. 2019లో ఆ 100 కాస్తా 50 అయింది. శుద్ధి చేయని మురుగు ఈ పరిధిలో వదలడం నిషేధం. అయితే 2011 నియమంలో ఈ పరిధిలో శుద్ధి ప్లాంటుకు వెసులుబాటు ప్రధానంగా అక్కడి హోటళ్లు, నివాసాల మురుగు కోసమే ఉండేది. 2019లో వచ్చిన మార్పుతో పోటుకూ (నీళ్లు పైకి రావడం) పాటుకూ (వెనక్కి తగ్గడం) మధ్య తడిసే నేలలో కూడా జాగ్రత్తలతో శుద్ధి ప్లాంట్లు పెట్టుకోవచ్చన్నారు. కాలుష్యం తగ్గించడానికే ఈ సడలింపు అని చెప్పారు. దాన్నే తిప్పి చదివితే, ఎక్కడో దూరాన ఉన్న పట్టణం తన మురుగును తీరానికి పంపడానికి ఉన్న అడ్డంకి ఒకటి సన్నబడిందని కూడా అర్థం వస్తుంది. బెస్తపాలేల్లో దాన్ని ఇలాగే చదువుతారు.

సముద్రం గురించి కాగితాల్లో ఉన్న నమ్మకం ఒకటుంది. అది పెద్దది, ఏం పోసినా కలిపేసుకుంటుందని. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల కింద ఉన్న సాధారణ ప్రమాణాల్లోనే అది కనిపిస్తుంది. నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత బీఓడీ. నదులు, చెరువుల్లోకి వదిలే నీళ్లలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. తీరపు సముద్రంలోకైతే 100 దాకా సరే అన్నారు. విశాలమైన సముద్రానికి ఆ లెక్క కొంతవరకు చెల్లుతుందేమో. ముంబైలో వర్లి, బాంద్రాల దగ్గర మూడు కిలోమీటర్లు దాటి సముద్రం లోపలికి గొట్టాలు వేసి అక్కడ వదులుతారు. లోతు, అల, ప్రవాహం కలిసి పల్చన చేస్తాయని లెక్క. కృష్ణా డెల్టా తీరం అలాంటిది కాదు. బురద నేల, ఒడ్డు నుంచి చాలా దూరం దాకా లోతు మెల్లమెల్లగా పెరుగుతుంది. అంత దూరం గొట్టం వేసే ఖర్చు ఏ మున్సిపాలిటీ అంచనాలోనూ పట్టదు. కాబట్టి ఇక్కడ ‘సముద్రంలోకి’ అని రాసి ఉన్న చోట ‘ఏటిలోకి’ అని చదువుకోవడమే సబబు.

ఏటిలో నీళ్లు ఒకవైపే పారవు. పై ప్రాంతాలవాళ్లకు ఇది అనుభవంలో లేని సంగతి, తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు మొదలయ్యాక ఆరు గంటల పైచిలుకు నీళ్లు ఎగువకే నడుస్తాయి. తర్వాత అంతసేపు కిందికి. రేపటి పోటు ఇవాళ్టి కంటే ముప్పావుగంట పైగా ఆలస్యంగా వస్తుంది, అందుకే వేళలు రోజూ జరుగుతూ ఉంటాయి. ఇప్పుడు ఏటిగట్టున ఒక గొట్టం ఉందనుకుందాం. పాటు మొదట్లో వదిలిన నీళ్లు మొగ దాటి సముద్రంలో పడవచ్చు. పాటు చివర్లో వదిలితే మొగ దాకా వెళ్లేలోపే పోటు తగిలి వెనక్కి తిరుగుతాయి. గొట్టం ఉన్న చోటును దాటి, దానికి ఎగువన ఉన్న ఊరి రేవు దాకా వెళ్లి నిలబడతాయి. ‘మీ ఊరు గొట్టానికి ఎగువన ఉంది కదా, మీకేం ఇబ్బంది’ అని ఏటిగట్టు మనిషితో అంటే నవ్వుతాడు.

అమావాస్యకు, పౌర్ణమికి పోట్లు పెద్దవి, ఏరు బాగా కడిగినట్టవుతుంది. సప్తమి, అష్టమి రోజుల్లో పోటూ పాటూ రెండూ నీరసం. నీళ్లు అటూ ఇటూ ఊగుతాయే తప్ప బయటికి పోవు. ఆ నాలుగైదు రోజులూ ప్లాంటు ఆగదు కదా. పై నుంచి నది నీళ్లు వస్తే కొంత నయం. బ్యారేజీ దిగువకు చుక్క వదలని ఎండాకాలంలో ఏటిలో ఉన్నవి పోటు నీళ్లు, డ్రెయిన్ నీళ్లు అంతే. మొగ బయట కూడా ప్రవాహం ఏడాదంతా ఒకే దిక్కుకు ఉండదు. మాఘ ఫాల్గుణాల నుంచి తీరం వెంట ప్రవాహం ఉత్తరంగా సాగుతుంది, ఈశాన్య రుతుపవనాల వేళకు దక్షిణంగా మళ్లుతుంది. మార్చిలో ఒక ఊరికి తగిలే నీళ్లు నవంబరులో ఇంకో ఊరికి తగులుతాయి. ఒక్క రోజు వచ్చి, నాలుగు సీసాల్లో నీళ్లు పట్టుకుని వెళ్లి, ‘ప్రభావం స్వల్పం’ అని రాసే నివేదికకు ఈ ఊళ్లలో విలువ లేకపోవడానికి కారణం ఇదే.

దీనికి ఇంజనీరింగ్‌లో జవాబు లేకపోలేదు. ప్లాంటు పక్కన కనీసం ఒక రోజు నీళ్లు పట్టే చెరువు తవ్వి, శుద్ధి అయిన నీటిని అందులో నిలబెట్టి, పాటు మొదలయ్యాక మొదటి రెండు మూడు గంటల్లోనే వదలడం. చెరువుకు స్థలం కావాలి, తలుపు తీయడానికి పోటు పట్టిక చూసుకునే మనిషి కావాలి. ఇది గొప్ప సాంకేతికతేం కాదు, రొయ్యల చెరువు రైతు తూము తీసేది కూడా ఇలా పోటూపాటూ చూసుకునే. కానీ అంచనాల్లో ఆ చెరువే ముందు ఎగిరిపోతుంది.

రొయ్యల సంగతి ఎత్తకుండా కృష్ణా, బాపట్ల తీరాల్లో నీటి గురించి మాట్లాడటం కుదరదు. వనామీ రొయ్య 2009లో దేశంలోకి వచ్చాక ఈ తీరం ముఖచిత్రమే మారిపోయింది. రైతు చెరువు కట్టేటప్పుడు ఏం చేస్తాడో దగ్గర నుంచి చూస్తే ప్లాంటు మీద అతని అనుమానం తేలిగ్గా అర్థమవుతుంది. ఏటి నుంచో డ్రెయిన్ నుంచో నీళ్లు తోడి, సన్నని వల కట్టి వడబోసి, బ్లీచింగ్ చల్లుతాడు. ఏరేటర్లు తిప్పుతాడు. కొన్ని రోజులాగి, సీసాలో కాస్త నీళ్లు పట్టి మందు చుక్క వేసి చూస్తాడు. పసుపు రంగు తిరిగిందంటే క్లోరిన్ ఇంకా ఉన్నట్టే. అది పూర్తిగా పోయేదాకా సీడ్ వదలడు, వదిలితే లక్షల పిల్ల తెల్లారేసరికి చచ్చి అడుగున పడి ఉంటుంది. శుద్ధి ప్లాంటులో ఆఖరి మెట్టు కూడా క్లోరినే. మలంలోని సూక్ష్మజీవులను చంపడానికి వేస్తారు. పరీక్షలో కోలిఫాం లెక్క తప్పకూడదని ఒక చేయి ఎక్కువ వేస్తే, మిగిలిన క్లోరిన్ ఏటిలో దిగుతుంది. అక్కడ పీత పిల్లా, పండుగప్ప పిల్లా, సహజంగా పెరిగే రొయ్య పిల్లా ఉంటాయి. క్లోరిన్‌ను విరిచే మెట్టు ఇంకొకటి పెట్టాలి, లేదా అతినీలలోహిత కాంతితో శుద్ధి చేయాలి. నగరం మధ్యలో కాలువలోకి వదిలే ప్లాంటుకు ఇది చిన్న విషయం. మొగ దగ్గర ఉండే ప్లాంటుకు ఇదే ప్రధానం.

అమ్మోనియా ఇంకో తలనొప్పి. బీఓడీ ప్రమాణం దాటకుండానే ప్లాంటు నీళ్లలో అమ్మోనియా ఎక్కువ ఉండొచ్చు. ఉప్పునీటిలో పీహెచ్, అంటే క్షారగుణం, ఎక్కువ కాబట్టి అది మరింత విషమవుతుంది. 2015లో కేంద్రం ఇచ్చిన ముసాయిదా ప్రమాణాల్లో అమ్మోనియాకు, మొత్తం నత్రజనికి హద్దులుండేవి, బీఓడీ హద్దు 10. 2017 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి నాలుగే మిగిలాయి: పీహెచ్, బీఓడీ, నీటిలో తేలే ఘనపదార్థం, ఫీకల్ కోలిఫాం. బీఓడీ కూడా మెట్రో నగరాలకు 20, మిగతా చోట్ల 30 అయింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ సడలింపును తప్పుపట్టి, బీఓడీ 10 దగ్గరే ఉండాలంది, నత్రజనినీ తిరిగి లెక్కలోకి తెచ్చింది. ఏ ప్లాంటు టెండరులో ఈ రెండు కాగితాల్లో దేన్ని పెట్టుకున్నారో చూస్తే, నీళ్లు దిగే చోట ఎవరున్నారని వాళ్లు అనుకున్నారో తెలిసిపోతుంది. ఇక మందుల అవశేషాలు. నగరం వాడే యాంటీబయాటిక్స్‌లో కొంత మురుగులోనే ఉంటుంది, మామూలు శుద్ధి వాటిని పూర్తిగా తీయలేదు. ఎగుమతికి వెళ్లే రొయ్యకు పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ పరీక్ష ఉంటుంది. తాను వాడని మందు తన సరుకులో తేలితే ఎవరికి చెప్పుకోవాలన్నది రైతు ప్రశ్న. దానికి ఏ శాఖ దగ్గరా సిద్ధంగా జవాబు లేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ప్లాంటు నీళ్లు వద్దని ధర్నాలో ముందు వరసలో కూర్చునే చెరువుల యజమానుల్లో చాలామంది తమ చెరువు నీళ్లను పట్టుబడి రోజున ఏ శుద్ధీ లేకుండా అదే డ్రెయిన్‌లోకి వదిలేవాళ్లే. పక్క రైతు వదిలిన రోగం నీళ్లే తాము తోడుకుంటున్నామని వాళ్లకూ తెలుసు. ఐదు హెక్టార్లు దాటిన చెరువులకు వ్యర్థజల శుద్ధి ఏర్పాటు ఉండాలని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన ఉంది, కానీ తీరంలో చెరువులు ఎక్కువగా చిన్నవి. రేపు నీళ్లు పాడైతే అది ప్లాంటు వల్లనా, చెరువుల వల్లనా, పై నుంచి వచ్చే పాత మురుగు వల్లనా అన్న వాదన తప్పదు. చెరువులేవీ లేక, ఏటిలో పీతలు పట్టుకుని బతికే కుటుంబాలు ఈ మూడింటికీ మధ్యలో ఉంటాయి. సభల్లో వాళ్ల గొంతు అందరికంటే చివర వినిపిస్తుంది.

వాసన గురించి చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. వాసన ఊరికి దూరంగా ఉంటుందనే ప్లాంటును తీరానికి పంపుతారు. కానీ మురుగు మూసిన గొట్టంలో ఎంత దూరం వెళితే అంత కుళ్లుతుంది. మన ఎండలకు గొట్టంలో గంటల తరబడి గాలి లేకుండా నలిగిన మురుగు హైడ్రోజన్ సల్ఫైడ్‌తో నిండి బయటపడుతుంది. కోడిగుడ్డు కుళ్లిన కంపు, కాంక్రీటును సైతం తినేసే వాయువు. అదే మురుగు పుట్టిన వీధికి రెండు కిలోమీటర్లలో శుద్ధి అయితే ఇంత కంపు కొట్టదు. కంపు తగ్గించాలని దూరం పంపితే కంపు పెరిగి దిగువవాడి ముక్కుకు తగులుతుంది, అంతే తేడా.

ప్లాంటు నడవడం అంటే ఏమిటో కూడా చూడాలి. జల్లెడలో చెత్త ఆగుతుంది, తొట్టిలో ఇసుక దిగుతుంది, ఆ తర్వాత పెద్ద తొట్లలో అడుగు నుంచి గాలి ఊదుతారు. ఆ గాలి పీల్చుకుని సూక్ష్మజీవులు మలినాన్ని తింటాయి. పనంతా వాటిదే. గాలి ఊదే బ్లోయర్లు ప్లాంటు కరెంటులో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాగుతాయి. బిల్లు కట్టలేని మున్సిపాలిటీ మొదట చేయి వేసేది ఆ స్విచ్ మీదే. బ్లోయర్ ఆగితే తొట్టిలో జీవులు గంటల్లో నీరసిస్తాయి, మళ్లీ కోలుకోవడానికి రోజులు పడుతుంది. బయటికి మాత్రం నీళ్లు వస్తూనే ఉంటాయి, రంగు కాస్త మారి. కట్టడానికి డబ్బు కేంద్ర పథకాల్లో దొరుకుతుంది. మొదట జేఎన్ఎన్‌యూఆర్ఎం, 2015 నుంచి అమృత్, 2021లో దాని రెండో విడత. నడపడానికి డబ్బు ఇంటిపన్నులోంచి రావాలి. ప్రతి ప్లాంటుకూ అత్యవసరానికి ఒక బైపాస్ తలుపు ఉంటుంది. అది ఉండాల్సిందే. వానొస్తే భూగర్భ డ్రైనేజీలోకి వాననీళ్లు జొరబడి ప్లాంటు పట్టలేనంత వస్తుంది, తలుపు తీస్తారు. వాన వెలిశాక దాన్ని ఎప్పుడు మూశారన్నది రాసిపెట్టే పుస్తకం ఎక్కడుందో మాత్రం చాలా చోట్ల ఎవరికీ తెలియదు.

ఆ వాన ఈ తీరంలో మామూలు వాన కాకపోవచ్చు. 1977 నవంబరు 19 ఉప్పెన పేరెత్తితే దివిసీమలో ఇప్పటికీ మాట ఆగిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పర్ర నేల మీద కట్టే తొట్ల అంచు ఎంత ఎత్తున ఉంది, పంపుహౌస్ మోటార్లు ఉప్పెన నీటికి పైన ఉన్నాయా, నాలుగు రోజులు కరెంటు లేకపోతే జనరేటరుకు డీజిలు ఎంతుంది అన్నవి వట్టి అనుమానాలు కావు. తీరం దాకా కూడా వెళ్లక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచెత్తిన ప్రాంతాల్లో అజిత్‌సింగ్‌నగర్ ఒకటి, నగరంలో శుద్ధి ప్లాంటు ఉన్న ప్రాంతమూ అదే. పల్లంలో పెట్టిన ప్రతిదానికీ వరద వాటా ఉంటుంది.

ఇంతా చెప్పాక ప్లాంటే వద్దనడం కుదిరే పని కాదు. వద్దంటే మురుగు ఆగదు, శుద్ధి లేకుండా అదే దారిలో వస్తుంది. తీరం చేరకముందే దాని బాధ మొదలవుతుంది కూడా. డెల్టా శివారు ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపేది కాలువ నీటితోనే. వేసవిలో తాగునీటికని వదిలిన నీళ్లు నగరం గుండా వచ్చేటప్పుడు ఏమేం కలుపుకుని వస్తాయో వంతెన మీద నుంచి చూసినవాళ్లకు తెలుసు. ఆ ఊళ్లకు ఎగువన నడిచే ప్లాంటు ఒకటి కావాలి, అది కూడా బాగా నడిచేది.

అయితే శుద్ధి చేసిన నీళ్లన్నీ సముద్రానికే పోవాలని ఎక్కడా రాసి లేదు. విజయవాడ విషయంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2016 జనవరిలో వచ్చిన కేంద్ర విద్యుత్ టారిఫ్ విధానం ప్రకారం మురుగు శుద్ధి ప్లాంటుకు 50 కిలోమీటర్ల లోపున్న థర్మల్ విద్యుత్ కేంద్రం ఆ శుద్ధి చేసిన నీళ్లను తప్పనిసరిగా వాడుకోవాలి. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం నగరం అంచున, ఆ దూరంలో సగానికి కూడా చాలా ముందే ఉంది. బొగ్గు కేంద్రాల కూలింగ్ టవర్లకు తాగునీటి నాణ్యత అవసరం లేదు. చెన్నైలో కొడుంగైయూర్, కోయంబేడు దగ్గర 2019లో మొదలైన రెండు ప్లాంట్లు, ఒక్కోటి 45 ఎంఎల్‌డీ, శుద్ధి చేసిన మురుగును మరింత శుభ్రపరిచి పరిశ్రమలకు అమ్ముతున్నాయి. సూరత్ అంతకు ముందే తన పండేసరా పారిశ్రామికవాడకు అమ్మడం మొదలుపెట్టింది. నగరంలో వాడుకోగలిగిన ప్రతి ఎంఎల్‌డీ తీరానికి వెళ్లాల్సిన అవసరం తప్పుతుంది. అప్పుడు మొగ దగ్గర కట్టాల్సింది ఆ ఊళ్ల మురుగుకు సరిపడా చిన్న ప్లాంటే. దానికి అభ్యంతరం చెప్పేవాళ్లు చాలా తక్కువ ఉంటారు, తమ మురుగు తమది కాబట్టి.

ఈలోగా తీరపు పంచాయతీ ఏదైనా పట్టుబట్టగలిగింది ఉంటే అది ముందస్తు కొలత. ప్లాంటు పునాది తీయకముందే ఒక ఏడాదంతా, ఎండలోనూ వరదలోనూ, అమావాస్యకూ అష్టమికీ, పోటులోనూ పాటులోనూ ఏటి నీళ్లు పరీక్ష చేయించి ఆ అంకెలను పంచాయతీ గోడ మీద రాయించాలి. ఆ అంకెలు లేకపోతే రేపు ఎంత నష్టం జరిగినా ‘ముందు నుంచీ ఇంతే’ అన్న ఒక్క మాటతో కేసు మూసుకుపోతుంది. 

రెండోది కాగితం. ప్లాంటు కట్టడానికీ, నడపడానికీ 1974 నీటి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి విడివిడిగా సమ్మతి ఇస్తుంది, సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారు. మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి ఆ నకలు తెప్పించుకోవచ్చు. నాలుగైదు పేజీల ఇంగ్లీషు మధ్యలో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఎన్ని గొట్టాలు, రోజుకు ఎంత నీళ్లు, చివరి గడిలో ఆ నీళ్లు దిగే చోటు. చూడాల్సింది ఆ ఆఖరి గడే. అక్కడ ‘డ్రెయిన్’ అని ఒక్క మాటే ఉంటే, అది ఏ డ్రెయిన్, ఏ ఊరి వంతెనకు ఎంత దూరం, పోటు ఎంతదాకా వస్తుంది అని అడుగుతూ రెండో దరఖాస్తు పెట్టాలి.